లోపలి గది

సుడిగాలి అనే మాట వల్ల నేను పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. తెలుగులో ఆ ఒక్క మాటకు అప్పజెప్పిన పనులు మరీ ఎక్కువ. ఎండాకాలం మధ్యాహ్నం ఖాళీ స్థలంలో కాగితం ముక్కల్నీ ఎండుటాకుల్నీ గిర్రున తిప్పి పడేసే గాలీ సుడిగాలే. మబ్బులోంచి తొండంలా దిగి ఇంటి కప్పు పీక్కుపోయే గాలీ సుడిగాలే. మొదటిది కనిపిస్తే చిన్నప్పుడు మేం తూ తూ అని ఉమ్మేసి, కాలి చెప్పు తీసి అందులోకి విసిరేవాళ్ళం. లోపలున్న దయ్యం పారిపోతుందని నమ్మకం. రెండోదాని మీదికి చెప్పు విసరడానికి నిలబడితే చెప్పుతోపాటు మనిషీ దక్కడు. ఈ తేడా మా అక్కకూ బావకూ తలకెక్కించేసరికి నా తలలోది కాస్తా అరిగిపోయింది.

అక్కావాళ్ళది రేపల్లె పక్కన ఊరు. చుట్టూ పొలాలు, గాలికి అడ్డం ఏమీ లేదు. ముందు రెండు గదులూ సిమెంటు రేకుల కప్పు. అక్క మోకాళ్ళు అరిగిపోయాయి. వీధి చివరి కుళాయి దాకా వెళ్ళాలన్నా మధ్యలో ఎవరి అరుగు మీదో కూర్చుని లేస్తుంది. గాలి మీదికొస్తే మిగతావాళ్ళు ఎటైనా పరుగెత్తుతారు, ఆమె పరుగెత్తలేదు. నా బాధంతా అదే. బావకు తుఫానులు కొత్త కాదు. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన మనిషి, పడిన చెట్ల మధ్యనుంచి బస్సు నడిపి జనాన్ని ఇళ్ళకు చేర్చినవాడు. ఆ అనుభవం నిజమైనదే. అదే నా ప్రాణానికి వచ్చింది.

మొదలైంది బాపట్ల సముద్రం దగ్గర. అక్కావాళ్ళ చర్చి వాళ్ళు ఒక శనివారం బస్సు మాట్లాడుకుని సముద్రానికి వెళ్తూ, తెనాలిలో ఉన్న నన్నూ రమ్మన్నారు. మధ్యాహ్నం పులిహోర పొట్లాలు విప్పుతుండగా దూరంగా సముద్రం మీద నల్ల మబ్బు కిందినుంచి సన్నగా, బూడిదరంగులో ఒక తొండం దిగింది. దిగి, నీళ్ళను ముట్టుకుని, అక్కడే ఊగుతూ నిలబడింది.

"ఏనుగు నీళ్ళు తాగుతోంది! ఏనుగు నీళ్ళు తాగుతోంది!" అని ఎవరో కేకపెట్టారు. అంతే, పొట్లాలు ఇసకలో వదిలేసి అందరూ ఫోన్లు పైకెత్తి నీళ్ళ వైపు పరుగు. వెనక్కి కాదు, నీళ్ళ వైపు! బావ అందరికన్నా ముందు.

"బావా, ఇటు రండి, అది ఒడ్డుకి వస్తే?" అన్నాను.

"సుడిగాలే కదమ్మా. చెప్పు విసిరితే పోద్ది" అని ఆయన నవ్వాడు. చుట్టుపక్కలవాళ్ళంతా నవ్వారు.

తొండం కాసేపటికి సన్నబడి, మధ్యలో తెగి, మాయమైంది. నా పొట్లంలో పులిహోర కాకులు తిన్నాయి. నాకు కోపం బావ మీద కన్నా నా మీద ఎక్కువ వచ్చింది. అది ప్రమాదమని మనసుకు తెలుస్తోంది గానీ, అదేంటో నాలుగు మాటల్లో చెప్పమంటే నా దగ్గర మాటల్లేవు.

నాది తెనాలిలో ఇడ్లీపిండి, దోసెలపిండి రుబ్బి అమ్మే పని. పొద్దునా సాయంత్రం ఊపిరాడదు. మధ్యాహ్నం గ్రైండర్లు కడిగేశాక గ్రంథాలయానికి వెళ్తాను. పదో తరగతితో బడి ఆగిపోయిన నాకు మిగతా చదువంతా అక్కడే అబ్బింది. ఆ మాట గర్వంగానే చెప్పుకుంటాను. గ్రహణాలెందుకు వస్తాయో, పాలు ఎందుకు తోడుకుంటాయో, నదులు దారులెందుకు మార్చుకుంటాయో ఎవరూ నాకు పాఠం చెప్పలేదు. బీరువా తాళం తీయించుకుని నేనే చదువుకున్నాను.

బాపట్ల నుంచి వచ్చిన మరుసటి వారం వాతావరణం మీద ఉన్న పుస్తకాలన్నీ దించి బల్ల మీద పెట్టుకున్నాను. పేపర్ల బల్ల దగ్గర రోజూ కూర్చునే పెద్దాయన కళ్ళద్దాలు పైకి తోసి అట్ట మీద బొమ్మ చూశాడు.

"టోర్నడోలా? అది అమెరికా గాలి కదమ్మా. మనకి రాదుగా?"

"రాదని దానికెవరు చెప్పారు బాబాయ్?"

"ఏమో, పేపర్లో ఎప్పుడూ చూళ్ళేదు" అని ఆయన మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయాడు.

చదివితే తెలిసింది, మనం ఒకే పేరుతో పిలిచేవి వేరువేరు గాలులని. దుమ్ము సుడి నేల మీద పుడుతుంది. ఎండకు నేల కాలి, వేడిగాలి పైకి లేస్తూ తిరుగుతుంది. పైన ఆకాశం నిర్మలంగా ఉంటుంది. కాసేపు తిరిగి అలిసిపోతుంది. తుఫాను సముద్రం మీద పుడుతుంది. జిల్లాలకు జిల్లాల మీద పరుచుకుంటుంది. అందుకే అది ఎక్కడుందో, ఎటు వస్తోందో ముందునుంచే చెప్పగలుగుతారు. టోర్నడో ఈ రెండూ కాదు. పెద్ద ఉరుముల మబ్బు లోపల గాలి తిరగడం మొదలై, ఆ తిప్పుడు నేల దాకా దిగుతుంది. ఒక వీధి వెడల్పు ఉన్నా ఉండొచ్చు. నిమిషాల్లో వచ్చి నిమిషాల్లో పోతుంది. ఎదురింటి దండెం మీద చీర అలాగే ఉండి, మన ఇంటి కప్పు ఎగిరిపోవచ్చు. మూటాముల్లె సర్దుకునే వ్యవధి ఇవ్వదు. సముద్రం మీద మేం చూసినది దాని చుట్టమే. ఆ తొండంలో కనిపించింది పైకి లాగిన సముద్రం నీళ్ళు కూడా కాదు, చాలావరకు మబ్బే. ఏనుగూ లేదు, దాహమూ లేదు.

ఇదంతా నోట్లో పెట్టుకుని రేపల్లె పాసింజరు ఎక్కాను. జంపని స్టేషను దాటేసరికి మొత్తం ఎలా చెప్పాలో వరస కూడా కుదుర్చుకున్నాను.

"రా మరదలా. ఇవాళ ఏ గాలి మోసుకొచ్చావు?" అన్నాడు బావ వసారాలో కుర్చీలోంచి.

చెప్పాను. అప్పుడే ఒక చోట కాలు జారింది. నేను మొదట చదివింది పాత పుస్తకం. గాలి వచ్చేటప్పుడు కిటికీలు తెరిచిపెట్టాలని, లేకపోతే లోపలి గాలి ఒత్తిడికి ఇల్లు పగిలిపోతుందని అందులో ఉంది. నేనూ అలాగే చెప్పాను. బావ తల ఊపి, "తుఫానుకీ మేం ఒక పక్క తెరుస్తాంగా" అని సంతోషించాడు. నెల తిరక్కుండా కొత్త పుస్తకం దొరికింది. కిటికీలు తెరవడం వట్టి దండగ, తెరిచేలోపు గాజు ముక్కలు మీద పడతాయి, కిటికీల జోలికే పోవద్దు అని అందులో రాశారు. మళ్ళీ రైలెక్కి వెళ్ళి ఆ ముక్క చెప్పాను.

"మొన్న తెరవమన్నావు, ఇవాళ వద్దంటున్నావు" అన్నాడు బావ. "మీ లైబ్రరీలో పుస్తకాలకే ఒకదానికొకటి పడదు. మేం దేన్ని నమ్మాలి?"

"కొత్తదాన్ని బావా."

"అయితే ఇంకా కొత్తది వచ్చేదాకా ఆగుతాం."

అక్క చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఎవరి కాళ్ళ కోసం నేను చార్జీలు పెట్టుకుని తిరుగుతున్నానో ఆ మనిషే నవ్వింది.

"సరే, ఒక్క మాట వినండి. ఇంట్లో అన్నిటికన్నా లోపలుండే చిన్న గది, కిటికీల్లేనిది, అందులోకి పోయి కింద కూర్చుని తల కాచుకోవాలి. అంతే."

"మా ఇంట్లో లోపలి గది లేదు కదే" అంది అక్క.

"ఉందక్కా. బాత్రూం."

ఆ ఇంట్లో గట్టి కప్పు ఉన్నది దానికొక్కదానికే. అక్క పెరట్లోకి నడవలేని స్థితి వచ్చాక వంటింటికీ పడకగదికీ మధ్య ఇటుక గోడలతో కట్టించి, స్లాబు పోయించారు. కిటికీ లేదు, పైన చిన్న సిమెంటు జాలీ ఉంది. పుస్తకంలో బొమ్మ వేసి చూపించినట్టుంటుంది. నేను ఆ మాట అనగానే ఇద్దరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

"ఓసి నీ మొహం మండ! ప్రాణం మీదికి వచ్చినప్పుడు దొడ్లో కూర్చోమంటావా? గాలొస్తే బైబిలు ఒళ్ళో పెట్టుకుని ప్రార్థన చేసుకోవాలి గానీ. బైబిలు పట్టుకుని అందులోకి ఎట్టా పోతానే?" అంది అక్క.

"రేపు ఏదన్నా అయితే పేపర్లో ఏం రాస్తారు?" బావ అందుకున్నాడు. "రిటైర్డు డ్రైవరు బాత్రూంలో, అని రాస్తారు. ఊళ్ళో తలెత్తుకోగలనా?"

"పేపర్లో రాసే రోజుకి ఎత్తుకోవడానికి తల ఉండదు బావా."

"మేం చర్చికి పోతాంలే. తుఫానప్పుడల్లా అక్కడికేగా పోయేది."

చర్చి అంటే పొడుగాటి హాలు, మధ్యలో ఆసరా లేని రేకుల కప్పు. అలాంటి కప్పే ముందు లేస్తుందని పుస్తకం మొత్తుకుంటోంది. పైగా అక్క అక్కడికి చేరేసరికి గాలి వచ్చి, పని ముగించుకుని, ఊరు దాటి ఉంటుంది. ఆ మాటే అన్నాను. "అప్పుడు ఇంకా మంచిది కదా, పోనక్కర్లేదు" అన్నాడు బావ. ఆ రోజు చెప్పకుండా వచ్చేశాను. రైల్లో ఒకావిడ "ఏంటమ్మా, నీలో నువ్వే మాట్లాడుకుంటున్నావు?" అని అడిగింది.

పుస్తకాల మీదా చిరాకు వచ్చేది. బయట చిక్కుకుంటే చెట్ల కిందికి పోవద్దు, దగ్గర్లో గట్టి ఇల్లు లేకపోతే పల్లంలో బోర్లా పడుకుని తల కప్పుకోండి అంటాయి. మా డెల్టాలో పల్లం అంటే కాలవో, మురుగు బోదో. సగం ఏడాది నిండా నీళ్ళు. గాలిని తప్పించుకుని నీళ్ళలో పోవాలా? ఎండిన బోదె అయితే సరే, నీళ్ళుంటే వద్దు అని నేనే ఒక మాట కలుపుకున్నాను. ఎవరో ఎక్కడో కూర్చుని రాసినదాన్ని మన నేలకు సరిచేసుకునే పని కూడా చదివినవాళ్ళ నెత్తినే పడుతుంది.

అక్క సంగతి చివరికి చర్చిలో తేలింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు, అంటే వాళ్ళ పాస్టరుగారు, గుమ్మం దగ్గర నిలబడి అందర్నీ పలకరిస్తున్నారు. అక్క నా చెయ్యి పట్టుకుని ఆయన ముందు ఆగింది.

"అయ్యగారండీ, ఒక సందేహమండి. పెద్దగాలి వస్తే మా చెల్లెలు మమ్మల్ని... అదేనండి... స్నానాలగదిలోకి పొమ్మంటోందండి. అక్కడికి బైబిలు తీసుకుపోవచ్చాండి?"

ఆయన నవ్వలేదు. "వాక్యం నీకు నోటికి రాదా అమ్మా?"

"కీర్తనలు కొన్ని వచ్చండి."

"మరింకేం? పుస్తకం బీరువాలో పెట్టి, నువ్వు లోపలికి పో. పుస్తకం తడిస్తే ఇంకోటి ఇస్తాను. నిన్ను ఇంకోదాన్ని ఎక్కణ్ణించి తెచ్చేది?"

అక్క కళ్ళనీళ్ళు తుడుచుకుంది. దారిలో, "చూశావా, అయ్యగారు ఎంత బాగా చెప్పారో" అంది.

"నేనూ అదేగా ఇన్నాళ్ళూ చెప్పింది!"

"నువ్వు బాత్రూం అన్నావు. ఆయన లోపలికి పో అన్నారు."

దీనికి ఏ గ్రంథాలయంలో జవాబు దొరుకుతుంది? అక్క మనసు మారింది, అది చాలనుకున్నాను. ఆ సాయంత్రమే ఆ గదిలో ఒక మూల ప్లాస్టిక్ స్టూలు వేశాను. మేకుకు బావ హెల్మెట్ తగిలించాను. తలకు దెబ్బ తగలకుండా అది పనికొస్తుందని కొత్త పుస్తకంలోనే ఉంది.

"బండి మీదే పెట్టుకోను, బాత్రూంలో పెట్టుకుంటానా?" అన్నాడు బావ.

"మీకు కాదు, అక్కకి."

"అయితే సరే."

ఇక అసలు రోజు. మామిడికాయల కాలం. అక్క కింద కూర్చోలేదు కాబట్టి ఆవకాయ పెట్టడానికి ఏటా నేనే వెళ్తాను. కాయలు కొట్టి, ముక్కలు తుడిచి, పెరట్లో పాత పంచె మీద ఆరబెట్టాం. భోజనాలయ్యాక పడమటి వైపు మబ్బు లేచింది. లేవడం మామూలే. కానీ దాని అడుగు వేరే రంగులో ఉంది, నానబెట్టిన పెసలు కడిగిన నీళ్ళలా పచ్చగా, నల్లగా. అప్పటిదాకా వీస్తున్న గాలి చటుక్కున ఆగిపోయింది. రేకుల మీద వడగళ్ళు టపటపమన్నాయి. పొలాల అవతల మబ్బు అంచు ఒక పక్కకి మెల్లగా తిరుగుతూ కనిపించింది. ఆ తర్వాత వాన తెర అడ్డం వచ్చింది.

"అక్కా, లే. లోపలికి."

"ముక్కలు! ముక్కలు తడుస్తాయే!"

"ముక్కలు పోతే పోయాయి, లే!"

ఆమెను రెక్క పట్టుకుని నడిపించి, స్టూలు మీద కూర్చోబెట్టి, హెల్మెట్ పెట్టి, మంచం మీది బొంత తెచ్చి భుజాల మీద కప్పాను. తిరిగి చూస్తే బావ లేడు. పెరట్లో వడగళ్ళ మధ్య వంగి పంచె నాలుగు కొసలూ కూడదీస్తున్నాడు. దూరంగా ధనధనమని మోత మొదలైంది.

"బావా!"

"పాసింజరమ్మా! ఇవాళ లేటుగా వస్తోంది!"

రేపల్లెతో ఆ రైలుమార్గం అయిపోతుంది. అక్కడికి వచ్చే బండి నెమ్మదిస్తూ వస్తుంది, మోత తగ్గుతూ వస్తుంది. ఇది పెరుగుతూ వస్తోంది. ఆ సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలియాలి, రోజూ వింటాడు. ఆ మాట అరిచి చెప్పాను. ఒక్క క్షణం చెవి ఒగ్గి విన్నాడు. మూట పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. వచ్చి, బాత్రూం గుమ్మం దగ్గర ఆగిపోయాడు!

"రండి బావా!"

"ఆడవాళ్ళు లోపలుంటే నేనెట్టా వస్తానమ్మా? మరదలివి నువ్వు. ఎవరన్నా చూస్తే..."

లోకంలో ఎక్కడా ఏ పుస్తకం రాసినవాడూ ఈ ఇబ్బంది ఊహించి ఉండడు. నేను నోరు తెరిచేలోపు హెల్మెట్ లోపలినుంచి అక్క గొంతు లేచింది. ఆమె గొంతు అంత పెద్దదని నాకు అంతవరకూ తెలియదు.

"ఎవరు చూస్తారయ్యా, పైనున్న దేవుడు తప్ప! రా లోపలికి!"

వచ్చాడు. తలుపు గడియ పెట్టి, ముగ్గురం గోడవారగా వంగి, బొంత నెత్తిమీదికి లాక్కున్నాం. చీకట్లో పుల్లటి వాసన కొట్టింది.

"మామిడికాయ ముక్కలు బాత్రూంలోకి తెచ్చావా!" అంది అక్క. అంత మోతలోనూ అదే అడిగింది.

బయట ఏదో విరిగింది. రేకులు మేకులతో సహా పెకలుతున్న చప్పుడు, తర్వాత గాజు పగిలిన చప్పుడు. తలుపు కిర్రుమని గడియ మీదికి వంగింది. చెవుల్లో నొప్పి పుట్టింది. అక్క కీర్తన మొదలుపెట్టి, మధ్యలో తప్పి, మళ్ళీ మొదటికి వచ్చి చెబుతోంది. బావ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నేను చదివిన ఏ ముక్కా నాకు గుర్తు రాలేదు. అక్క వీపు మీద నా రెండు చేతులూ ఉన్నాయి, అంతే గుర్తుంది.

కీర్తన పూర్తికాకుండానే మోత తగ్గిపోయింది. తర్వాత ఉత్త వాన.

తలుపు తీస్తే వంటిల్లు వెలుతురుగా ఉంది, ముందు గదుల మీద కప్పు లేదు. రోజూ ఆ వేళకు అక్క నడుం వాల్చే మంచం మీద, సరిగ్గా దిండు దగ్గర, రేకు ముక్క ఒకటి నిలువుగా దిగబడి ఉంది. పరుపు నిండా గాజు పెంకులు. బావ దాన్ని చూసి, వెనక్కి తిరిగి పెరట్లోకి అడుగు వేయబోతుంటే చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. కరెంటు తీగ తెగి నీళ్ళలో పడి ఉంది. గాలి పోయాక పోయే ప్రాణాలు ఇలాంటివేనని ఎన్నిసార్లు చెప్పాను! కరెంటాఫీసుకి ఫోన్ చేసి, లైను ఆపామని వాళ్ళు చెప్పేదాకా ఎవరినీ కదలనివ్వలేదు.

ఎదురింటి దండెం మీద చీర అలాగే ఉంది. తడిసింది గానీ పడలేదు. ఆ ఇంటికీ మా అక్క ఇంటికీ మధ్య వీధే అడ్డం.

మర్నాడు పేపర్లో "గాలివాన బీభత్సం" అని వేశారు. గాలివాన! అది టోర్నడోనే అని నేను సంతకం పెట్టలేను, వాన తెరలో తొండం కంటికి కనపడలేదు. కానీ పొలంలో మొక్కజొన్న ఒక సన్నటి బాటగా, తలో దిక్కుకి మెలిపెట్టినట్టు పడి ఉంది. దాని పక్క చేను నిటారుగా నిలబడి ఉంది. ఈ సంగతి గ్రంథాలయంలో పెద్దాయనకు చెబితే, "పేపర్లో రాలేదుగా" అన్నాడు.

ఆ ఏడు అక్క ఆవకాయ పెట్టనివ్వలేదు. బాత్రూంలో ఉన్న ముక్కలు ఎవరు తింటారని పారబోయించింది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ బావ వసారాలో కూర్చుని చెప్పేవాడు: "మా ఇంట్లో లోపలి గది ఉందండి. గాలి రాగానే ముగ్గురం అందులోకి వెళ్ళిపోయాం." బాత్రూం అన్న మాట ఆయన నోట మళ్ళీ రాలేదు. అంతటితో ఆగితే బాగుండేది. "ముందు కిటికీలన్నీ తెరిచెయ్యాలండి, లేకపోతే ఇల్లు పగిలిపోద్ది" అని కూడా చేర్చేవాడు.

"తెరవకూడదు బావా!" అని నేను వంటింట్లోంచి అరిచేదాన్ని.

"మొదటిసారి నువ్వేగా చెప్పావమ్మా!"

మొన్న నానిన పప్పు గ్రైండరులో వేస్తుంటే బావ ఫోన్ చేశాడు. వెనకనుంచి సన్నగా కీర్తన వినిపిస్తోంది.

"మరదలా, కాస్త మీ అక్కకి చెప్పమ్మా. పొద్దుటినుంచి కొంచెం మబ్బు పట్టింది. హెల్మెట్ పెట్టుకుని లోపలి గదిలో కూర్చుంది. లేవనంటోంది. నేను స్నానం చెయ్యాలి."

"ఉరుములున్నాయా బావా?"

"లేవు."

"మబ్బు అడుగు తిరుగుతోందా?"

"తిరగట్లేదు. తెల్ల మబ్బే."

"అయితే ఫోన్ అక్కకివ్వండి" అన్నాను. గ్రైండరు ఆపి, దుమ్ము సుడి దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.